ఉబుంటు, డెబియన్‌లలో ప్యాకేజీ ఇన్‌స్టాల్ కాకపోతే: లోపం ఎక్కడుందో పట్టుకుని సరిచేసే సమగ్ర మార్గదర్శి

ప్యాకేజీ ఇన్‌స్టాల్ కాక మధ్యలో ఆగిపోయినప్పుడు టెర్మినల్ చివరి లైన్‌లో చాలాసార్లు ఒకే మాట కనిపిస్తుంది: "సబ్-ప్రాసెస్ /యూఎస్ఆర్/బిన్/డీపీకేజీ రిటర్న్‌డ్ యాన్ ఎర్రర్ కోడ్ (1)". చాలామంది ఆ లైన్‌నే కాపీ చేసి నెట్‌లో వెతుకుతారు. ఒళ్లు కాలుతోందని ఆ లైన్ చెబుతుంది గానీ, జబ్బేమిటో చెప్పదు. అసలు కారణం దానికి పది, ఇరవై లైన్ల పైన ఉంటుంది. అందుకే కింది నుంచి పైకి జరుగుతూ, మొట్టమొదట ఎక్కడ బెడిసిందో పట్టుకోవాలి. టెర్మినల్ మూసేసినా పోయిందేమీ లేదు. ప్యాకేజీలను విప్పి సర్దేటప్పుడు తెరపై కనిపించినదంతా /వార్/లాగ్/ఆప్ట్/టర్మ్.లాగ్ ఫైల్‌లో ఉంటుంది. ఏ కమాండ్ ఎప్పుడు నడిచిందో దాని పక్కనే ఉన్న హిస్టరీ.లాగ్‌లో దొరుకుతుంది.

ఇక్కడ చెప్పేవి ఉబుంటు 22.04, 24.04, డెబియన్ 12 అనే లినక్స్ వెర్షన్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. లినక్స్ మింట్‌కూ చాలావరకు వర్తిస్తాయి. కమాండ్లను పలికే తీరులో తెలుగులో రాశాం. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో టైప్ చేయాలి. ఆప్ట్ అంటే ఏ, పి, టి. డీపీకేజీ అంటే డి, పి, కె, జి. గీతలు, చుక్కలు, స్లాష్‌లు ఉన్నవి ఉన్నట్టే కొట్టాలి. పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా చెబుతాం.

పని ఎవరు చేస్తున్నారు?

ఆప్ట్ సరుకు తెచ్చే మనిషి. ఏ రిపాజిటరీలో (ప్యాకేజీలు నిల్వ ఉండే సర్వర్‌లో) ఏముందో జాబితా తెచ్చుకుంటుంది, ఒక ప్యాకేజీకి తోడుగా ఇంకేం కావాలో (వీటినే డిపెండెన్సీలు అంటారు) లెక్క వేస్తుంది, డౌన్‌లోడ్ చేస్తుంది. తెచ్చిన డెబ్ ఫైల్‌ను విప్పి, ఫైళ్లను వాటి చోట్లలో సర్ది, చివరగా సెటప్ స్క్రిప్ట్ నడిపేది డీపీకేజీ. అంటే జాబితా, లెక్క, డౌన్‌లోడ్, విప్పడం, కాన్ఫిగర్ చేయడం అనే ఐదు దశలన్నమాట. ఏ దశలో ఆగిందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. జాబితా దగ్గర ఆగిన సమస్యకు కాన్ఫిగర్ మందు వేస్తే ఫలితం ఉండదు, ఒక్కోసారి ఉన్నది కూడా చెడుతుంది.

ముందు మూడు విషయాలు చూడండి

డిస్క్‌లో చోటు, గడియారం, వెర్షన్. ఈ మూడింటికీ కలిపి ఒక నిమిషం చాలు.

డీఎఫ్ -హెచ్
డీఎఫ్ -ఐ
టైమ్‌డేట్‌సీటీఎల్
క్యాట్ /ఈటీసీ/ఓఎస్-రిలీజ్

మొదటిది ఖాళీ చోటు చూపిస్తుంది. రూట్ విభాగాన్నీ, విడిగా ఉంటే /బూట్ విభాగాన్నీ గమనించండి. రెండోది ఐనోడ్‌లు, అంటే ఒక్కో ఫైల్‌కు ఒకటి చొప్పున కావాల్సిన నమోదు గడులు, చూపిస్తుంది. గిగాబైట్లు ఖాళీగా ఉన్నా, లక్షల చిన్న ఫైళ్లతో ఐనోడ్‌లు అయిపోతే "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అనే వస్తుంది. చోటు తక్కువైతే ముందుగా "సుడో ఆప్ట్ క్లీన్" నడపండి (సుడో అంటే ఆ కమాండ్‌ను అడ్మిన్ అధికారంతో నడపమని). ఇది డౌన్‌లోడ్ అయి పడి ఉన్న డెబ్ ఫైళ్లను మాత్రమే తీసేస్తుంది, ఇన్‌స్టాల్ అయినవాటి జోలికి పోదు. ఇంకా కావాలంటే "సుడో జర్నల్‌సీటీఎల్ --వాక్యూమ్-సైజ్=200ఎం" పాత లాగ్‌లను 200 మెగాబైట్లకు కుదిస్తుంది. ఆ ఎం పెద్ద అక్షరం.

గడియారం సంగతి చాలామందికి తట్టదు. పాత ల్యాప్‌టాప్‌లో మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. అప్పుడు ఆప్ట్ "రిలీజ్ ఫైల్ ఈజ్ నాట్ వాలిడ్ యెట్" అంటుంది. దాని లెక్కలో ఆ ఫైల్ ఇంకా పుట్టనే లేదు. నిద్రపుచ్చి లేపిన వర్చువల్ మెషీన్లలోనూ గడియారం వెనకబడి ఇదే వస్తుంది. "సుడో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-ఎన్‌టీపీ ట్రూ" నడిపి నెట్ ద్వారా సరిచేయండి. విండోస్‌తో కలిపి వాడే కంప్యూటర్‌లో సరిగ్గా 5 గంటల 30 నిమిషాల తేడా కనిపిస్తే కారణం వేరు. విండోస్ హార్డ్‌వేర్ గడియారంలో భారత కాలమానం రాస్తుంది, లినక్స్ దాన్ని గ్రీనిచ్ కాలంగా చదువుతుంది. నెట్ కలవగానే ఇది సర్దుకుంటుంది.

ఆప్ట్ అప్‌డేట్ దగ్గరే ఆగితే

"సుడో ఆప్ట్ అప్‌డేట్" లోపం లేకుండా పూర్తయ్యే దాకా మరే ఇన్‌స్టాల్‌కూ ప్రయత్నించకండి. "ఇ:" తో మొదలయ్యేవి లోపాలు, "డబ్ల్యూ:" తో మొదలయ్యేవి హెచ్చరికలు, "ఎన్:" తో వచ్చేవి కేవలం సమాచారం.

"టెంపరరీ ఫెయిల్యూర్ రిజాల్వింగ్" అంటే సర్వర్ పేరు అడ్రస్‌గా మారడం లేదు. ఇది మీ నెట్ లేదా డీఎన్ఎస్ సమస్య, ప్యాకేజీలతో సంబంధం లేదు.

"క్లియర్‌సైన్డ్ ఫైల్ ఈజంట్ వాలిడ్, గాట్ నోస్ప్లిట్" అని వస్తే హాస్టల్ లేదా ఆఫీసు వైఫైలో లాగిన్ అవలేదని అర్థం. ఆప్ట్ జాబితా అడిగితే వైఫై లాగిన్ పేజీని పంపింది. బ్రౌజర్ తెరిచి లాగిన్ అయి మళ్లీ నడపండి. కాలేజీ నెట్‌వర్క్‌లో ప్రాక్సీ (నెట్‌కూ మీకూ మధ్యలో ఉండే సర్వర్) ఉంటే బ్రౌజర్‌లో పెట్టిన సెట్టింగ్ ఆప్ట్‌కు అందకపోవచ్చు. /ఈటీసీ/ఆప్ట్/ఆప్ట్.కాన్ఫ్.డి ఫోల్డర్‌లో ఒక ఫైల్ పెట్టి, అందులో అక్వైర్::హెచ్‌టీటీపీ::ప్రాక్సీ అని రాసి ప్రాక్సీ అడ్రస్‌ను కోట్ గుర్తుల మధ్య ఇవ్వాలి. లైన్ చివర సెమీకోలన్ మరవకూడదు. అది లేకపోతే ఆప్ట్ ఆ ఫైల్‌నే తప్పుపడుతుంది. హాస్టల్ వదిలి ఇంటికొచ్చాక అదే ఫైల్ అడ్డం తిరుగుతుంది కాబట్టి, దాన్ని పెట్టిన సంగతి గుర్తుంచుకోండి.

"కనెక్టింగ్ టు" దగ్గర 0 శాతంలో నిలిచిపోయి, పక్కన కోలన్లతో పొడవాటి అడ్రస్ కనిపిస్తే ఐపీవీ6 (కొత్త రకం నెట్ అడ్రస్) దారి సరిగా లేదు. ఇలా ప్రయత్నించండి:

సుడో ఆప్ట్ -ఓ అక్వైర్::ఫోర్స్‌ఐపీవీ4=ట్రూ అప్‌డేట్

"404 నాట్ ఫౌండ్"కు రెండు కారణాలు. అప్‌డేట్ చేసి చాలా రోజులైతే, మీ జాబితాలో ఉన్న పాత వెర్షన్ ఫైల్ సర్వర్‌లో ఉండదు. మళ్లీ అప్‌డేట్ చేస్తే తీరుతుంది. అప్‌డేట్‌లోనే 404 వస్తే, మీ ఉబుంటు వెర్షన్ కాలం తీరి ఉండొచ్చు. ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు ఉన్నవి) కాని ఉబుంటులకు 9 నెలలే ఆయువు. 23.10కి 2024 జులైలో ముగిసింది. ఆ తర్వాత ఆ ఫైళ్లు ఓల్డ్-రిలీజెస్.ఉబుంటు.కామ్‌కు వెళ్తాయి. రిపాజిటరీల అడ్రస్‌లు ఉండే సోర్సెస్ ఫైల్‌లో అడ్రస్ మార్చి పని నడిపించవచ్చు గానీ, భద్రతా సవరణలు ఇక రావు. అక్కడి నుంచి కొత్త వెర్షన్‌కు మారడానికి మాత్రమే దీన్ని వాడండి. సోర్సెస్ ఫైల్ చోటు కూడా మారింది. 22.04లో అది /ఈటీసీ/ఆప్ట్/సోర్సెస్.లిస్ట్. 24.04లో /ఈటీసీ/ఆప్ట్/సోర్సెస్.లిస్ట్.డి ఫోల్డర్‌లోని ఉబుంటు.సోర్సెస్. పాత సలహాలు చదివి ఖాళీ ఫైల్ చూసి కంగారు పడేవాళ్లు చాలామంది.

"డజ్ నాట్ హావ్ ఎ రిలీజ్ ఫైల్" సాధారణంగా పీపీఏల వల్ల, అంటే ఉబుంటు సొంతవి కాక బయటివారు నడిపే రిపాజిటరీల వల్ల వస్తుంది. ఆ పీపీఏ నడిపేవారు మీ ఉబుంటు వెర్షన్‌కు ప్యాకేజీలు తయారు చేయలేదన్నమాట. వెర్షన్ పేరు మార్చి పాతదానివి లాక్కోవడం కొందరు చెప్పే చిట్కా. అది చేయకండి. ఇవాళ ఎక్కినా, రేపు డిపెండెన్సీల దగ్గర ముడిపడుతుంది. ఆ పీపీఏను తీసేయండి.

"నో_పబ్‌కీ" అంటే రిపాజిటరీ సంతకాన్ని పరీక్షించే తాళంచెవి మీ దగ్గర లేదు. ఆప్ట్-కీ అనే పాత పద్ధతికి కాలం చెల్లింది. దాంతో చేర్చిన కీని ఆప్ట్ అన్ని రిపాజిటరీలకూ నమ్ముతుంది, అదే దాని లోపం. కీ ఫైల్‌ను /ఈటీసీ/ఆప్ట్/కీరింగ్స్ ఫోల్డర్‌లో పెట్టి, సోర్సెస్ లైన్‌లో సైన్డ్-బై అని ఆ ఫైల్ దారి చూపాలి. కీ పెట్టాక కూడా అదే లోపం వస్తుంటే ఫైల్ అనుమతులు చూడండి. డౌన్‌లోడ్ పనిని ఆప్ట్ రూట్‌గా (అడ్మిన్‌గా) కాక వేరే యూజర్‌గా చేస్తుంది, ఆ యూజర్‌కు కీ చదివే అనుమతి ఉండాలి. "సుడో సీహెచ్‌మోడ్ 644" అని కీ ఫైల్ దారి ఇస్తే చాలు. "కాన్‌ఫ్లిక్టింగ్ వాల్యూస్ సెట్ ఫర్ ఆప్షన్ సైన్డ్-బై" వస్తే ఒకే రిపాజిటరీ రెండు ఫైళ్లలో ఉంది. ఒకటి మీరు రాసినది, రెండోది ఆ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్ తానే చేర్చుకున్నది. ఏదో ఒకటి తీసేయండి.

"హ్యాష్ సమ్ మిస్‌మ్యాచ్" అంటే జాబితాలో చెప్పిన లెక్కకూ, దిగిన ఫైల్‌కూ పొంతన లేదు. మధ్యలో ఉన్న క్యాష్ సర్వర్ పాతది ఇచ్చి ఉండొచ్చు, లేదా మిర్రర్ (ప్రధాన సర్వర్‌కు నకలు సర్వర్) సగమే అప్‌డేట్ అయి ఉండొచ్చు. "సుడో ఆర్ఎం -ఆర్ఎఫ్ /వార్/లిబ్/ఆప్ట్/లిస్ట్స్/*" నడిపి మళ్లీ అప్‌డేట్ చేయండి. జాబితాలు మళ్లీ దిగుతాయి, నష్టం లేదు. కానీ స్పేస్ ఒక్కటి తప్పుగా పడినా ప్రమాదమే కనుక ఎంటర్ నొక్కేముందు ఆ దారిని రెండుసార్లు చదవండి. అయినా తీరకపోతే ఐఎన్.ఆర్కైవ్ అని మొదలయ్యే భారత మిర్రర్ అడ్రస్‌లో ముందున్న ఐఎన్, చుక్క తీసేసి ప్రధాన సర్వర్‌ను వాడి చూడండి.

డెబియన్‌ను డీవీడీ నుంచి ఎక్కించినవారికి ఇంకొకటి: డిస్క్ పెట్టమని అడుగుతుంటే సోర్సెస్.లిస్ట్‌లో సీడీరామ్ అని ఉన్న లైన్ ముందు హ్యాష్ గుర్తు పెట్టండి.

"అనేబుల్ టు లొకేట్ ప్యాకేజ్"

పేరు తప్పు కావడమే ఇక్కడ పెద్ద కారణం. కమాండ్ పేరూ ప్యాకేజీ పేరూ ఒకటే కానక్కర్లేదు. నెట్‌స్టాట్ కావాలంటే నెట్-టూల్స్ ఎక్కించాలి. పైథాన్ ప్యాకేజీలు ఎక్కించే పిప్ కావాలంటే పైథాన్3-పిప్. తెలుగు ఫాంట్లకు ఫాంట్స్-తెలు, పోతన, వేమన ఫాంట్లకు ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా. "ఆప్ట్ సెర్చ్" తర్వాత ఒక ముక్క ఇచ్చి వెతకండి. పేరు సరైనదే అయితే, ఉబుంటులో యూనివర్స్ అనే రిపాజిటరీ విభాగం ఆగి ఉండొచ్చు. "సుడో యాడ్-ఆప్ట్-రిపాజిటరీ యూనివర్స్" నడపండి.

డౌన్‌లోడ్ చేసిన డెబ్ ఫైల్‌ను ఎక్కించేటప్పుడు ఫైల్ పేరు ముందు చుక్క, స్లాష్ ఉండాలి: సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ./ఫైల్‌పేరు.డెబ్. అవి లేకపోతే ఆప్ట్ ఆ పేరుతో ప్యాకేజీ కోసం రిపాజిటరీల్లో వెతుకుతుంది. చివర్లో "డౌన్‌లోడ్ ఈజ్ పెర్ఫార్మ్‌డ్ అన్‌శాండ్‌బాక్స్‌డ్" అని వచ్చేది లోపం కాదు, ఇన్‌స్టాల్ అయిపోయినట్టే. "ఆర్కిటెక్చర్ డజ్ నాట్ మ్యాచ్" వస్తే రాస్ప్‌బెర్రీ పై లాంటి ఆర్మ్ యంత్రంలో ఏఎమ్‌డీ64 (మామూలు పీసీలకు చేసిన) ఫైల్ పెడుతున్నారు. దానికి మందు లేదు, సరైన ఫైల్ తెచ్చుకోవాలి.

తాళం ఫైల్‌ను చెరపకండి

"కుడ్ నాట్ గెట్ లాక్ /వార్/లిబ్/డీపీకేజీ/లాక్-ఫ్రంటెండ్" అంటే ఇంకో ప్రోగ్రామ్ ప్యాకేజీల పని చేస్తోంది. కంప్యూటర్ ఆన్ చేసిన కాసేపటికి వస్తే అది దాదాపుగా అనటెండెడ్-అప్‌గ్రేడ్స్, అంటే భద్రతా సవరణలను తనంతట తాను ఎక్కించే సేవ. ఏ ప్రాసెస్ పట్టుకుని ఉందో దాని నంబరుతో సహా అదే లైన్‌లో ఉంటుంది.

ఆ లాక్ ఫైల్‌ను చెరపమని చెప్పే సలహాలు కుప్పలు. తాళం ఉన్నది ఫైల్ ఉండడంలో కాదు, ఆ ఫైల్ మీద కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) ఉంచే గుర్తులో. ప్రాసెస్ ఆగిపోతే కెర్నల్ తాళాన్ని దానంతట అదే విప్పేస్తుంది, ఫైల్ మాత్రం ఎప్పుడూ అక్కడే ఉంటుంది. నడుస్తున్నప్పుడు ఫైల్‌ను చెరిపితే, మీ ఆప్ట్ కొత్త ఫైల్ సృష్టించుకుని దానికి తాళం వేసుకుంటుంది. అప్పుడు ఇద్దరు ఒకేసారి ఒకే పద్దు పుస్తకంలో రాస్తారు. డేటాబేస్ చెడేది ఇలాగే. పది, పదిహేను నిమిషాలు ఆగండి. ఇంకా వదలకపోతే "పీఎస్ -ఇఎఫ్"తో ఆ ప్రాసెస్ నిజంగా పని చేస్తోందో, ప్రశ్న అడిగి జవాబు కోసం వేరే టెర్మినల్‌లో ఎదురుచూస్తోందో చూడండి. వేలాడుతోందని తేలితే ముందు మామూలు "సుడో కిల్", తర్వాత "సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ".

డిపెండెన్సీల ముడి

"అన్‌మెట్ డిపెండెన్సీస్", "యూ హావ్ హెల్డ్ బ్రోకెన్ ప్యాకేజెస్". రెండో వాక్యం మనల్ని పక్కదారి పట్టిస్తుంది. "ఆప్ట్-మార్క్ షోహోల్డ్" నడిపితే చాలాసార్లు ఏమీ రాదు, ఎందుకంటే ఎవరూ ఏదీ పట్టి ఉంచలేదు. రెండు ప్యాకేజీలు కోరుతున్న వెర్షన్లు ఒకదానికొకటి పొసగడం లేదని దాని అసలు అర్థం.

విప్పడానికి పనికొచ్చేది "ఆప్ట్ పాలసీ". లోపంలో "డిపెండ్స్" తర్వాత ఉన్న పేరు తీసుకుని ఇలా అడగండి:

ఆప్ట్ పాలసీ లిబ్‌ఎస్ఎస్ఎల్3

ఇన్‌స్టాల్ అయి ఉన్నది, ఎక్కబోయేది, ఆ తర్వాత ఏ వెర్షన్ ఏ రిపాజిటరీ నుంచి వస్తుందో వరుసగా కనిపిస్తుంది. మామూలు రిపాజిటరీకి 500 అనే అంకె ఉంటుంది. మీ దగ్గర ఉన్న వెర్షన్ ఎదుట 100 అంకెతో /వార్/లిబ్/డీపీకేజీ/స్టేటస్ అని ఒక్క లైనే ఉంటే, ఆ వెర్షన్ ఇప్పుడున్న ఏ రిపాజిటరీలోనూ లేదని అర్థం. ఎప్పుడో చేర్చి తీసేసిన పీపీఏ నుంచో, చేత్తో ఎక్కించిన డెబ్ నుంచో వచ్చింది. దోషి దొరికింది. దాన్ని రిపాజిటరీలోని వెర్షన్‌కు దించాలి. ప్యాకేజీ పేరు తర్వాత సమాన గుర్తు, ఆ పట్టికలోని వెర్షన్ అంకె పెట్టి ఇన్‌స్టాల్ చేయండి. పీపీఏ ఇంకా ఉంటే పీపీఏ-పర్జ్ అనే పనిముట్టు దాన్నుంచి వచ్చినవన్నీ ఒకేసారి దించేస్తుంది.

ఇంకో మామూలు రకం: -డెవ్ తో ముగిసే ప్యాకేజీలు తమ లైబ్రరీకి సరిగ్గా అదే వెర్షన్ ఉండాలంటాయి. లైబ్రరీ భద్రతా సవరణతో కొంచెం ముందుకు జరిగి, సోర్సెస్ ఫైల్‌లో -సెక్యూరిటీ, -అప్‌డేట్స్ విభాగాలు ఆగి ఉంటే -డెవ్ ప్యాకేజీ పాతదే దొరుకుతుంది. ఆ రెండు విభాగాలను తిరిగి చేర్చి అప్‌డేట్ చేస్తే ముడి విడిపోతుంది.

"సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్" మంచిదే, కానీ అది ప్యాకేజీలను తీసేసి కూడా లెక్క సరిచేయగలదు. వై నొక్కేముందు "విల్ బి రిమూవ్డ్" కింద ఉన్న పేర్లు చదవండి. ఉబుంటు-డెస్క్‌టాప్, గ్నోమ్-షెల్, లినక్స్-ఇమేజ్ లాంటివి కనిపిస్తే ఆపేయండి. "యెస్, డూ యాజ్ ఐ సే!" అని మొత్తం టైప్ చేయమని అడిగితే కంప్యూటర్ నడవడానికి అత్యవసరమైనది తీసేయబోతోందని అర్థం. ముందుగా -ఎస్ చేర్చి నడిపితే ఏదీ మార్చకుండా ఏం చేస్తుందో చూపిస్తుంది.

"కెప్ట్ బ్యాక్", "డిఫర్డ్ డ్యూ టు ఫేజింగ్" అన్నవి లోపాలు కావు. ఉబుంటు కొన్ని సవరణలను అందరికీ ఒకేసారి ఇవ్వకుండా విడతలుగా ఇస్తుంది. కొన్ని రోజుల్లో మీ వంతు వస్తుంది.

విప్పేటప్పుడు, కాన్ఫిగర్ చేసేటప్పుడు

"డీపీకేజీ వాజ్ ఇంటరప్టెడ్" అన్నప్పుడు అది చెప్పిన "సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ" నడపడమే సరైనది. మధ్యలో కరెంటు పోయినప్పుడు, టెర్మినల్ మూసేసినప్పుడు వస్తుంది.

"ట్రైయింగ్ టు ఓవర్‌రైట్" అంటే ఆ ఫైల్ అప్పటికే వేరే ప్యాకేజీది. "డీపీకేజీ -ఎస్" అని ఫైల్ దారి ఇస్తే ఎవరిదో తెలుస్తుంది. ఈ ఎస్ పెద్ద అక్షరం. రెండూ ఒకే సాఫ్ట్‌వేర్ రెండు పేర్లతో అయితే పాతదాన్ని తీసేయండి. బలవంతంగా పైన రాసే ఆప్షన్ ఉంది గానీ, సిస్టమ్ లైబ్రరీల మీద వాడకండి.

"పోస్ట్-ఇన్‌స్టాలేషన్ స్క్రిప్ట్ రిటర్న్‌డ్ ఎర్రర్" చాలాసార్లు ఇన్‌స్టాల్ లోపం కాదు, ఆ ప్యాకేజీ వెనక నడపాల్సిన సేవ మొదలు కాలేకపోవడం. ఉదాహరణకు ఐపీవీ6ను పూర్తిగా ఆపేసిన కంప్యూటర్‌లో ఎంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ ఎక్కిస్తే, దాని డీఫాల్ట్ కాన్ఫిగరేషన్‌లో ఐపీవీ6 పోర్ట్ 80 లైన్ ఉండడం వల్ల సేవ లేవదు, స్క్రిప్ట్ విఫలం కావచ్చు. "సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్", "జర్నల్‌సీటీఎల్ -ఎక్స్‌ఇయూ" తర్వాత సేవ పేరు ఇచ్చి అసలు కారణం చదవండి. ఈ ఉదాహరణలో ఆ ఐపీవీ6 లైన్ తీసేసి కాన్ఫిగర్ కమాండ్ మళ్లీ నడిపితే ఇన్‌స్టాల్ పూర్తవుతుంది. స్క్రిప్ట్‌నే దిద్ది లోపం లేనట్టు నటింపజేయడం కొందరి పద్ధతి. సేవ నడవదు, లోపమూ కనపడదు.

/బూట్ నిండిపోవడం డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి ఎక్కించినవారికి ఎక్కువగా ఎదురవుతుంది, ఎందుకంటే వాళ్లకు /బూట్ చిన్న విడి విభాగం. కొత్త కెర్నల్ వచ్చినప్పుడు కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు కెర్నల్‌తో పాటు లోడయ్యే ఇనిట్‌ఆర్‌డీ ఫైల్ రాయడానికి చోటు చాలదు. ముందు "యూనేమ్ -ఆర్"తో ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ రాసుకోండి, దాన్ని తాకకూడదు. "సుడో ఆప్ట్ ఆటోరిమూవ్ --పర్జ్" పని చేస్తే అంతే. ఆప్ట్ మొండికేస్తే బాగా పాతదైన కెర్నల్‌కు చెందిన లినక్స్-ఇమేజ్, లినక్స్-మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా ప్యాకేజీలను రెండింటినీ కలిపి "సుడో డీపీకేజీ --పర్జ్"తో తీసేయండి. తర్వాత కాన్ఫిగర్, ఆ తర్వాత ఆటోరిమూవ్. నడుస్తున్నదీ, దానికి ముందుదీ ఉంచుకోవాలి.

ఎన్‌విడియా, వైఫై డ్రైవర్లలో డీకేఎంఎస్ (డ్రైవర్‌ను మీ కెర్నల్‌కు తగ్గట్టు తయారు చేసే పనిముట్టు) బిల్డ్ విఫలమైతే మీ కెర్నల్‌కు సరిపోయే లినక్స్-హెడర్స్ ఉన్నాయో లేదో చూడండి. బిల్డ్ అయ్యి కూడా డ్రైవర్ లోడ్ కాకపోతే సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని డ్రైవర్లను ఆపే ఏర్పాటు) అడ్డుపడుతూ ఉంటుంది. ఇన్‌స్టాల్‌లో పెట్టిన పాస్‌వర్డ్‌ను రీబూట్ అయ్యాక వచ్చే నీలిరంగు తెరలో ఎన్‌రోల్ ఎంఓకే ఎంచుకుని ఇవ్వాలి.

పైథాన్ జోలికి వెళ్లినప్పుడు

డెబియన్ 12, ఉబుంటు 24.04లలో పిప్ నడిపితే "ఎక్స్‌టర్నల్లీ-మేనేజ్డ్-ఎన్విరాన్‌మెంట్" వస్తుంది. సిస్టమ్ పైథాన్‌ను ఆప్ట్, పిప్ రెండూ మార్చకుండా పెట్టిన అడ్డుకట్ట అది. --బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్ అన్న ఆప్షన్ దాన్ని దాటిస్తుంది. అది చేసేది తన పేరులోనే ఉంది. బదులుగా:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పైథాన్3-వెన్వ్
పైథాన్3 -ఎం వెన్వ్ నాపని
సోర్స్ నాపని/బిన్/యాక్టివేట్

ఇక పిప్ ఆ ఫోల్డర్‌కే పరిమితం. "నాపని" చోట మీకు నచ్చిన పేరు ఇంగ్లిష్‌లో ఇవ్వండి.

దీనికన్నా పెద్ద దెబ్బ, అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్‌తో /యూఎస్ఆర్/బిన్/పైథాన్3ను కొత్త వెర్షన్‌కు మళ్లించడం. "నో మాడ్యూల్ నేమ్డ్ ఆప్ట్_పీకేజీ" అన్న లోపానికి మామూలు కారణం ఇదే. యాడ్-ఆప్ట్-రిపాజిటరీ వంటి పైథాన్‌లో రాసిన పనిముట్లు కూడా ఆగిపోతాయి. "సుడో అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ --రిమూవ్-ఆల్ పైథాన్3" నడిపి, పైథాన్3 లింక్‌ను అసలు వెర్షన్‌కు తిప్పండి: 22.04లో 3.10, 24.04లో 3.12, డెబియన్ 12లో 3.11.

సుడో ఎల్ఎన్ -ఎస్ఎఫ్ పైథాన్3.10 /యూఎస్ఆర్/బిన్/పైథాన్3

డేటాబేసే చెడిపోతే

ఇన్‌స్టాల్ మధ్యలో కరెంటు పోయి "ఫైల్స్ లిస్ట్ ఫైల్ ఫర్ ప్యాకేజ్... ఈజ్ మిస్సింగ్ ఫైనల్ న్యూలైన్" వస్తే, /వార్/లిబ్/డీపీకేజీ/ఇన్ఫో ఫోల్డర్‌లో ఆ ప్యాకేజీ పేరుతో, .లిస్ట్ అని ముగిసే ఫైల్ పాడైంది. ఆ ఒక్క ఫైల్‌ను వేరే చోటికి జరిపి, "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ --రీఇన్‌స్టాల్" తో అదే ప్యాకేజీని ఎక్కించండి. ఫోల్డర్ మొత్తాన్ని చెరిపితే ఏ ఫైల్ ఏ ప్యాకేజీదో చెప్పే ఆధారమే పోతుంది.

"పార్సింగ్ ఫైల్ /వార్/లిబ్/డీపీకేజీ/స్టేటస్" దగ్గర లోపమైతే అసలు పద్దు పుస్తకమే చిరిగింది. సిస్టమ్ దాని నకళ్లను /వార్/బ్యాకప్స్‌లో డీపీకేజీ.స్టేటస్.0 వంటి పేర్లతో ఉంచుతుంది. చెడిన స్టేటస్ ఫైల్‌ను ముందు పక్కన దాచి, నకలును దాని చోట కాపీ చేయండి. ఆ నకలు తేదీ తర్వాత ఎక్కించిన ప్యాకేజీలు అందులో ఉండవు. /వార్/లాగ్/డీపీకేజీ.లాగ్ తెరిచి ఆ తేదీ నుంచి వచ్చిన పేర్లు రాసుకుని, ఒక్కొక్కటిగా రీఇన్‌స్టాల్ చేసి, చివరగా "సుడో డీపీకేజీ --ఆడిట్" నడపండి. అది ఏమీ చెప్పకుండా ఊరుకుంటే సగంలో ఆగిన ప్యాకేజీ ఏదీ మిగల్లేదన్నట్టు.